ఫిరంగమ్మకు లైసెన్సు

మొగదారిపాలెం కోటను ఎవరు కట్టారన్న దాని మీద రెండు అభిప్రాయాలున్నాయి. వలందులు, అంటే డచ్చివాళ్లు కట్టారని చరిత్రకారులు అంటారు. రాళ్లు మోసింది తమ తాతలనీ, వలందులు గొడుగు కింద నిలబడి చూశారనీ పాలెంవాళ్లు అంటారు. దాన్ని కూలిపోనిచ్చింది ఎవరన్న విషయంలో మాత్రం ఎవరికీ పేచీ లేదు. ప్రాచీన నిర్మాణాల సంరక్షణ శాఖవారు వచ్చి ‘రక్షిత కట్టడం’ అని బోర్డు పాతిన నాటి నుంచి అది నిరాటంకంగా కూలింది.

అలాంటి కోటకు మూడేళ్ల కిందట మంచి రోజులొచ్చాయి. పర్యాటకం మీద ప్రభుత్వానికి హఠాత్తుగా ప్రేమ పుట్టింది. గోడలు నిలబెట్టారు, మెట్లు వేశారు, తాగునీటి కుళాయి పెట్టి ప్రారంభోత్సవం దాకా నీళ్లు వదలకూడదని బిగించారు. ఈ సంబరమంతా దగ్గరుండి చూసుకున్నవాడు అరసాడ త్రినాథరావు. అతని ఉద్యోగం పేరు ఫిరంగి సంరక్షకుడు. మరమ్మతులకు చాలా ఏళ్ల ముందు నుంచే ఉన్న కాంట్రాక్టు ఉద్యోగం. కోటను ప్రజల సందర్శనకు తెరిచిన రోజున పర్మనెంటు చేస్తామని ఆర్డరులో రాసి ఉంది. పెళ్లికి ముందు ఆ ముక్క మామగారికి చదివి వినిపించాడు. ఇప్పుడు అతని కూతురు హైస్కూలుకు వెళ్తోంది.

“ఆ కోట తలుపు తెరిస్తే గానీ మన ఇంట్లోకి భోగం రాదు కాబోలు,” అంటుంది భార్య సుగుణ, వారానికోసారి, అన్నం వడ్డిస్తూ.

అతను సంరక్షించే ఫిరంగి సముద్రం వైపు బురుజు మీద ఉంది. ఇనుప ఫిరంగి. మనిషి పడుకుంటే ఇంకా సగం మిగిలేంత పొడుగు, చేతులతో చుడితే అందనంత లావు. వలందులు దాన్ని ఏమని పిలిచారో గానీ పాలెంవాళ్లకు అది ఫిరంగమ్మ. కొత్త పడవ కడితే దాని మోకును ముందు ఫిరంగమ్మ మెడకు చుట్టి, ఆవిడకు పసుపు రాసి, ఆ తర్వాతే నీళ్లలోకి తోస్తారు. మోకు చుట్టని పడవ ఎక్కే మగాడు ఆ ఊళ్లో లేడు, ఎక్కనిచ్చే ఆడది అసలే లేదు.

ఎందుకలా అని ఓసారి త్రినాథరావు మైలపల్లి ఎల్లమ్మను అడిగాడు. ఎల్లమ్మ పాలెంలో పెద్దదిక్కు, చేపల బుట్టతో పాటు ఊరి మంచిచెడ్డలు కూడా నెత్తిన పెట్టుకున్న మనిషి. ఆవిడ అతన్ని వింతగా చూసింది.

“మాకు ఇంట్లో వొంటుంటాది, పిల్లలుంటారు, సంతుంటాది. ఎప్పుడూ సముద్రం కాసే సూత్తా కూకుంటే అవుద్దేటి బాబూ? అదొకత్తే. యేటకి పోనోల్లు తిరిగొచ్చీదాకా కళ్లార్పదు. అందుకే ఆయమ్మకి మోకు సూపించి పోవాల,” అంది.

ఆ మాట విన్న తర్వాత త్రినాథరావుకు ఫిరంగి మీద కాస్త భక్తి కూడా కలిగింది. పాలెంవాళ్లు రాసిన పసుపు తుడవమని శాఖ నుంచి ఉత్తరాలొచ్చినా, వానకు పోతుందని జవాబు రాసి, వానాకాలం వెళ్లిపోయాక మళ్లీ అదే జవాబు రాసేవాడు.

చిక్కంతా మరమ్మతు బిల్లుతో మొదలైంది. బిల్లు పాస్ కావాలంటే పని అద్భుతంగా జరిగిందని నివేదిక కావాలి. శాఖ ఉపసంచాలకులు విశ్వపతిగారికి అద్భుతంగా రాయడం వచ్చు. ఫిరంగి గొట్టంలోంచి ఇసుకా, పీతలూ, ఒక పాత చెప్పూ తీయించి, పైన నల్ల రంగు వేయించి, ఆయన ఇలా రాశారు: ‘సదరు శతఘ్నిని పూర్వవైభవ సమేతముగా, సర్వవిధముల పనిచేయు స్థితికి పునరుద్ధరించడమైనది.’ రాసి, తగు చర్య నిమిత్తం అన్ని ఆఫీసులకూ నకళ్లు పంపారు. నకలు ఎవరూ చదవరన్న నమ్మకం మీదే కదా ప్రభుత్వాలు నడుస్తాయి. కలెక్టరాఫీసులో ఆయుధాల సెక్షన్ సూపరింటెండెంటు భానుమూర్తిగారు చదివారు.

త్రినాథరావును పిలిపించారు.

“పనిచేసే స్థితిలో ఉన్న ఆయుధం మీ దగ్గర ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది,” అన్నారు భానుమూర్తిగారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ. “లైసెన్సు ఏది?”

“ఆయుధమంటే, ఫిరంగండీ. పాతది.”

“పాతదా కొత్తదా అని చట్టం అడగదు. పేలుతుందా, పేలదా?”

“మందు లేదండి. గుండు లేదు. పేల్చడం వచ్చినవాళ్లు లేరు. ఆఖరివాడు పోయి రెండు వందల ఏళ్లు దాటిపోయుంటుంది.”

“అంటే లైసెన్సుదారు మరణించాడు,” అని రాసుకున్నారు భానుమూర్తిగారు. “వారసులు పేరు మార్పు చేయించుకోలేదు. సీరియస్ మ్యాటర్.”

త్రినాథరావు వరండాలోకి వచ్చి విశ్వపతిగారికి ఫోన్ చేశాడు. ఫిరంగి పనిచేయదని ఒక్క ముక్క రాసిస్తే గొడవ వదిలిపోతుందని బతిమాలాడు.

“త్రినాథరావుగారూ,” అన్నారు ఆయన, సభలో మాట్లాడే గొంతుతో. “పనిచేయదని రాయడమంటే పునరుద్ధరణ జరగలేదని రాయడం. పునరుద్ధరణ జరగలేదంటే కోట తెరవడానికి సిద్ధంగా లేదని. సిద్ధంగా లేదంటే మీ పర్మనెంటు ఫైలు ఎక్కడికి పోతుందో మీరే పర్యాలోచించండి. శాఖ ఒకసారి వెలువరించిన వాస్తవాన్ని శాఖే ఖండించే సంప్రదాయం లేదు.”

త్రినాథరావు పర్యాలోచించి, లోపలికి వెళ్లి లైసెన్సు దరఖాస్తు అడిగాడు.

ఆయుధం ఎందుకు అన్న చోట మూడే గడులున్నాయి. ఆత్మరక్షణ, పంట రక్షణ, క్రీడలు. ప్రదర్శన కోసం అని రాయబోతే, ఆయుధాన్ని బహిరంగంగా ప్రదర్శించడం నేరమని భానుమూర్తిగారు చెయ్యి పట్టుకున్నారు. మొగదారిపాలెంలో ఆత్మకు పెద్దగా ప్రమాదం లేదు. ఫిరంగితో ఆడే క్రీడ ఏదీ అతనికి తోచలేదు.

“పంట రక్షణ రాసుకోండి,” అన్నాడు.

“ఏ పంట?”

“కోట వెనక సరుగుడు తోట ఉందండి.”

“దేని బారి నుంచి?”

త్రినాథరావు చాలాసేపు ఆలోచించాడు. “మేకలండి.”

భానుమూర్తిగారి కలం ఆగలేదు. మేకలు అని గుండ్రంగా రాసి, ఆయుధంతో పాటు దరఖాస్తుదారు ఉన్న పాస్‌పోర్టు సైజు ఫొటో కావాలన్నారు. ఫిరంగి మొత్తం పడాలంటే ఫొటోగ్రాఫరు నీళ్లలోకి దిగాల్సి వచ్చింది. ఆ ఫొటోలో త్రినాథరావు ఈగంత ఉన్నాడు. ముఖం స్పష్టంగా లేదని తిప్పి పంపారు. రెండోసారి అతను ఫిరంగి మూతికి చెంప ఆనించి నవ్వుతూ దిగాడు. ఆ ఫొటో చూసి సుగుణ, పెళ్లి ఆల్బంలో కూడా ఆయన అంత దగ్గరగా నిలబడలేదని గుర్తు చేసింది.

నడవడిక విచారణకు ఎస్సై గేదెల సింహాద్రి స్వయంగా ఇంటికి వచ్చాడు. మంచివాడు. ఆ ఊరికి బదిలీ మీద వచ్చినప్పుడు, ఇక్కడ నేరాలు తక్కువ, చేపలు ఎక్కువ అని సంతోషించినవాడు.

“మీ ఆయనికి కోపమొస్తే ఏటి చేస్తారమ్మా?” అని సుగుణను అడిగాడు.

“అన్నం తినడం మానేస్తారు. పూర్తిగా కాదు, పెరుగు దాకా వచ్చి లేచిపోతారు,” అంది సుగుణ.

అలాంటివాడికి ఫిరంగి ఇస్తే సమాజానికి ముప్పు లేదని ఎస్సై రాసిచ్చాడు. లైసెన్సు వచ్చింది. భారతదేశంలో మేకల మీదికి ఫిరంగి పేల్చే అధికారం గల ఏకైక పౌరుడయ్యాడు త్రినాథరావు. కోట ప్రారంభోత్సవానికి ముహూర్తం కూడా కుదిరింది. సుగుణ పాయసానికి జీడిపప్పు తెప్పించింది.

ఆ వారమే ఎన్నికలు ప్రకటించారు.

కోడ్ రాగానే ప్రారంభోత్సవాలన్నీ ఆగిపోయాయి. అది అందరికీ తెలిసిందే. లైసెన్సు ఉన్న ఆయుధాలన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలన్నది కూడా అందరికీ తెలిసిందే. అయితే ఆ రెండో నియమం తనకు వర్తిస్తుందని త్రినాథరావుకు తట్టలేదు. ఎస్సైకి తట్టింది. ఓ రోజు ప్రొద్దున్నే బురుజు ఎక్కి వచ్చి, ఫిరంగి నీడలో చతికిలబడి, టోపీ తీసి విసురుకున్నాడు.

“త్రినాథరావుగారూ, మీ తుపాకీ తెచ్చిచ్చీండి.”

“ఏ తుపాకీ అండీ?”

ఎస్సై తను ఆనుకున్నదాన్ని వెనక్కి చూడకుండానే తట్టాడు. “లిస్టులో ఉంది. మా మండలంలో ఆరో ఏడో ఆయుధాలున్నాయి. మిగతావన్నీ వొచ్చీశాయి. మీదొక్కటే బాకీ. ఈ శనివారం లోపల డిపాజిట్ అవ్వకపోతే మిమ్మల్ని అరెస్టు చేయమని ఆర్డరు.”

“నన్నా?”

“ఫిరంగిని అరెస్టు చేయలేం కదండి.”

అరెస్టయిన కాంట్రాక్టు ఉద్యోగి ఆ క్షణం నుంచీ ఉద్యోగి కాడని అతని ఉద్యోగపు ఆర్డరులో రెండో పేజీలో ఉంది. అది మామగారికి చదివి వినిపించలేదు గానీ, త్రినాథరావుకు కంఠతా వచ్చు. మినహాయింపు కోసం పరుగెత్తాడు. మినహాయింపు బ్యాంకు కాపలాదారులకూ, జాతీయ క్రీడాకారులకూ మాత్రమే ఉంటుందన్నారు భానుమూర్తిగారు. క్రీడలు అని గడి నింపి ఉంటే ఆలోచించేవారట.

“ఇంతకీ దాన్ని ఎలా తెస్తారన్నది మా సెక్షన్ పరిధిలోకి రాదు. ఆయుధం చేత్తో పట్టుకుని రాకూడదు, భుజాన వేసుకుని రాకూడదు, గుడ్డలో చుట్టి తేవాలి. అంతవరకే నిబంధన,” అన్నారు.

విశ్వపతిగారు లేఖ రూపంలో అనుమతించారు. ‘సదరు శతఘ్ని తాత్కాలికముగా స్థానభ్రంశము చెందుటకు శాఖకు అభ్యంతరము లేదు, అయితే అది తన చారిత్రక స్థానము నుండి అంగుళము కూడ కదలరాదు.’

త్రినాథరావు మొదటి సగమే పైకి కనబడేలా ఆ లేఖను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పాలెంవాళ్లు తప్ప దాన్ని కదల్చగలవాళ్లు చుట్టుపక్కల లేరు. ఒడ్డు మీదికి పడవలు లాగడం వాళ్లకు రోజువారీ పని. కానీ ఆ మాట ఎల్లమ్మతో ఎలా చెప్పాలో తెలియక, బురుజు దగ్గర రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లు వాతావరణం గురించి మాట్లాడాడు.

“ఆయమ్మని ఠాణాకి పట్టుకెల్లిపోతారంట కదా,” అంది ఎల్లమ్మే చివరికి. “ఏటి సేసింది? ఎవులి మీద పడింది?”

“ఏమీ చెయ్యలేదు పిన్నీ. ఎన్నికలు. అయిపోగానే తెచ్చేస్తాను. తేకపోతే నా ఉద్యోగం పోతుంది, నన్ను లోపల వేస్తారు.”

ఎల్లమ్మ అతని ముఖంలోకి చూసింది. నిజంగానే భయపడుతున్నాడని ఆవిడకు అర్థమైంది.

“నీకోసమని పంపుతున్నాం. ఓట్లయిపోనాక మా పిల్ల మాకు వొచ్చీయాల. ఠాణాకి ఆడకూతుర్ని వొట్టి సేతుల్తో పంపం,” అంది.

అలా శుక్రవారం పూట ఫిరంగమ్మ బయల్దేరింది. నిబంధన ప్రకారం గుడ్డలో చుట్టాలి కనుక పాలెం ఆడవాళ్లు కొత్త చీర తెచ్చి చుట్టారు. కింద తాటి దుంగలు, ముందు మోకులు, పక్కన డప్పులు. మగవాళ్లు పడవ లాగినట్టే హైలేసా అంటూ లాగుతుంటే, వెనక ఆడవాళ్లు బుట్టల్లో పసుపూ కుంకుమా, అరిసెలూ, ఎండుచేపలూ పట్టుకుని నడిచారు. త్రినాథరావు లైసెన్సు చేత్తో పట్టుకుని, ఏ కానిస్టేబులూ ఆపకపోయినా ప్రతి కానిస్టేబులుకూ చూపిస్తూ వచ్చాడు. బజారు మధ్యలో ఓ ఆసామి ఎవరి పెళ్లని అడిగాడు.

స్టేషన్ గేటు ఫిరంగికి చాలలేదు. కాబట్టి గేటు పోయింది. ఆయుధాలు దాచే గదికి ఉన్న తలుపు మామూలు మనుషుల తలుపు. కాబట్టి ఫిరంగి ఆవరణలోనే ఉండిపోయింది. ఎస్సై రసీదు రాశాడు: ‘ఫిరంగి ఒకటి, రంగు నలుపు, గుళ్లు లేవు.’ ఎండుచేపలు కూడా రసీదులో రాయాలా అని అడిగితే, ఎల్లమ్మ అవి ఇంటల్లుడికని చెప్పింది. ఎస్సై రసీదు పుస్తకం మూసేశాడు. ఆ రోజు నుంచి పాలెంలో ఆయన పేరు అల్లుడుగారు.

శనివారం దాటింది, అరెస్టు తప్పింది. త్రినాథరావు గుండె కుదుటపడే లోపే ఆదివారం ఫిర్యాదు వచ్చింది. ఫిరంగి మూతి స్టేషన్‌కు కుడివైపున్న పాత పార్టీ ఆఫీసు వైపు ఉంది. తమ కార్యకర్తలు భయభ్రాంతులవుతున్నారని వాళ్ల అభ్యర్థి ఎన్నికల పరిశీలకుడికి రాశాడు. పాలెంవాళ్లను పిలిచి ఎడమవైపు తిప్పించారు. అటు కొత్త పార్టీ ఆఫీసు. వాళ్లు ధర్నా చేశారు. పొద్దున్న అటూ, మధ్యాహ్నం ఇటూ తిప్పమని పరిశీలకుడు సమన్యాయం చెప్పాడు. పొద్దుటి ప్రచారమే ముఖ్యమని రెండు పార్టీలూ పొద్దుటి వంతు వద్దన్నాయి. ముందుకు తిప్పితే తాసిల్దారాఫీసు, వెనక్కి తిప్పితే హైస్కూల్లో పోలింగ్ బూత్. పైకెత్తుదామంటే పరిశీలకుడు తిరిగేది హెలికాప్టర్లో.

ఏ అభ్యర్థికీ అభ్యంతరం లేని దిక్కు ఒక్కటే మిగిలింది. ఫిరంగి మూతిని ఎస్సై గది కిటికీకి ఆనించారు. పోటీ చేసేవాళ్లలో పోలీసులెవరూ లేరు కాబట్టి అందరూ సంతోషించారు. సింహాద్రి వీపు వెనక ఫిరంగి పెట్టుకుని కేసులు రాయసాగాడు. ముద్దాయిలు ఆ గదిలోకి వచ్చి నిలబడగానే, అడగకముందే ఒప్పుకుంటున్నారని జిల్లాలో మంచి పేరొచ్చింది.

ఇదంతా ఒక ఎత్తు. గుర్తుల కేటాయింపు ఒక ఎత్తు. పాలెం నుంచి ఒక ఇండిపెండెంటు నిలబడ్డాడు, మిగిలిపోయిన గుర్తుల్లోంచి అతనికి ఫిరంగి ఇచ్చారు. మర్నాడే అతను మైకులో ఊరంతా చెప్పుకున్నాడు, తన గుర్తుకు పోలీసులే కాపలా కాస్తున్నారని. పరిశీలకుడు ఉరుకులు పరుగుల మీద వచ్చాడు.

“ప్రభుత్వ ఆవరణలో ఒక అభ్యర్థి చిహ్నాన్ని ప్రదర్శించుట తీవ్ర ఉల్లంఘన,” అన్నాడు. “తక్షణం తొలగించండి.”

“తొలగిస్తే డిపాజిట్ చేసిన ఆయుధాన్ని బయటికి వదిలినట్టు అవుద్ది సార్,” అన్నాడు ఎస్సై.

“అయితే కప్పండి.”

టార్పాలిన్ కప్పారు. కప్పాక అది టార్పాలిన్ కప్పిన ఫిరంగిలా కనబడింది. దాని చుట్టూ తడికెల గది కట్టారు. గది ఎందుకని జనం అడగడం మొదలుపెట్టారు. ఆఖరికి పరిశీలకుడు దాని మీద ‘ఇందులో ఫిరంగి లేదు’ అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి, కింద ఎస్సై చేత సంతకం పెట్టించాడు. ఫిరంగి ఉందని రసీదు మీదా, లేదని బోర్డు మీదా ఒకే మనిషి సంతకం. పాలెం ఆడవాళ్లు మాత్రం రోజూ వచ్చి తడికెలోంచి చెయ్యి పెట్టి, పరాయి చోట ఉన్న పిల్ల కదా అని, లేని ఫిరంగికి పసుపు రాసి వెళ్లేవాళ్లు.

ఎన్నికలయ్యాయి. ఇండిపెండెంటుకు డిపాజిట్టు పోయింది. త్రినాథరావు డిపాజిట్టు పోలేదు గానీ, తిరిగి రాలేదు కూడా. రసీదు పట్టుకుని వెళ్లేసరికి భానుమూర్తిగారు తనిఖీకి వచ్చి ఉన్నారు. తడికెలు విప్పించి చూశారు. రసీదు చూశారు. మళ్లీ ఫిరంగిని చూశారు.

“ఇక్కడ నలుపు అని ఉంది. ఇది పసుపు.”

“అది నలుపేనండి,” అన్నాడు త్రినాథరావు. “పైన పసుపు రాశారు.”

“రసీదులో పైనా లోపలా అని లేదు. నల్ల ఫిరంగి ఒకటి అప్పగించారు. అది స్టేషన్లో లేదు. లేదని ఎస్సైగారు స్వయంగా బోర్డు మీద ధ్రువీకరించారు. అంటే నల్ల ఫిరంగి మాయమైంది. దాని మీద విచారణ వేయాలి. ఇక ఈ పసుపు ఫిరంగి. దీనికి లైసెన్సు లేదు, హక్కుదారు లేడు. దిక్కులేని ఆయుధం.”

“కడిగేస్తానండి. ఇప్పుడే. నీళ్లు తెస్తాను.”

“సాక్ష్యాన్ని చెరపడం అవుతుంది,” అన్నారు భానుమూర్తిగారు దయగా. “మీరు మంచివారు. అలాంటి పనులు చేయకండి.”

త్రినాథరావు ఆ పూట ఇంటికెళ్లి పెరుగు దాకా కూడా రాలేదు. సుగుణ కంచం మీద మూత పెట్టింది. అతనికి ఏడుపొచ్చింది. ఉద్యోగం కోసం కొంతా, ఎల్లమ్మకు ఇచ్చిన మాట కోసం కొంతా. పాలెంలో రెండు కొత్త పడవలు ఇసుకలో పడి ఉన్నాయి. మోకు చుట్టకుండా నీళ్లలోకి దిగవు, చుట్టడానికి బురుజు మీద ఎవరూ లేరు.

కోట మాత్రం తెరిచారు. కొత్త మంత్రిగారికి రిబ్బను కత్తిరించడమంటే ఇష్టం. ఫిరంగి స్థానంలో విశ్వపతిగారు ఒక రాతి పలక పెట్టించారు: ‘ఇచ్చట శతఘ్ని కలదు.’ లేదు కదండీ అని త్రినాథరావు మెల్లగా అంటే, శాఖ రికార్డుల ప్రకారం అది అంగుళం కూడా కదలలేదని ఆయన గుర్తు చేశారు. మంత్రిగారు ఆ ఖాళీ జాగాను కాసేపు తదేకంగా చూసి, ఎంత పెద్దదో అని మెచ్చుకుని వెళ్లిపోయారు.

తెరిచారు కనుక ఆర్డరు ప్రకారం త్రినాథరావు పర్మనెంటయ్యాడు. కాగితం చేతికొచ్చింది. ఇన్నేళ్లుగా కలగన్న కాగితం. కళ్లకద్దుకుని చదివాడు. ఫిరంగి సంరక్షకుని శాశ్వత విధి నిర్వహణ స్థలం, ఫిరంగి ఉన్న చోటు. అనగా, మొగదారిపాలెం పోలీసు స్టేషన్.

స్టేషన్లో పడకుండా ఉండటానికి ఇంత పాటుపడిన మనిషి, పదవీ విరమణ దాకా స్టేషన్లో కూర్చోవాల్సి వచ్చింది. సెల్లు పక్కన అతనికో కుర్చీ వేశారు. ఎస్సై చాలా బాగా చూసుకున్నాడు, టీ తెప్పించేవాడు.

“నా బదిలీ కూడా ఆగిపోయిందండీ,” అన్నాడు ఓ సాయంత్రం. “నల్లది దొరికీదాకా నన్ను కదపరంట.” ఇద్దరూ కిటికీలోంచి పసుపుపచ్చగా మెరుస్తున్న ఫిరంగి మూతి వైపు చూశారు.

మోకు సంగతి పాలెంవాళ్లు తమ పద్ధతిలో తేల్చుకున్నారు. ఫిరంగమ్మ సముద్రం దగ్గరికి రాలేకపోతే పడవే ఆవిడ దగ్గరికి వెళ్తుంది. కొత్త పడవను దుంగల మీద పెట్టి, బజారు గుండా లాక్కొచ్చి, స్టేషన్ ముందు నిలబెట్టి, మోకు లోపలికి విసిరేవాళ్లు. త్రినాథరావు అందుకుని ఫిరంగి మెడకు చుట్టేవాడు. ఎస్సై పసుపు ముద్ద అందించేవాడు. ఈలోగా బస్సులు ఆగిపోయేవి. పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా సముద్రం కేసి చూడాల్సిన ఫిరంగమ్మ, ఎస్సై వీపు కేసి చూస్తూ కూర్చునేది. అది చూసినప్పుడల్లా ఎల్లమ్మ తల తిప్పేసుకునేది, త్రినాథరావు తల దించుకునేవాడు.

ఇలా ఉండగా పంచాయతీ ఎన్నికలొచ్చాయి.

స్టేషన్ నుంచి ఒక ఫిరంగి అప్పటికే మాయమైంది కాబట్టి, అక్కడ ఆయుధాలకు రక్షణ లేదని పైవాళ్లు తేల్చారు. మండలంలోని ఆయుధాలన్నీ, దిక్కులేని వాటితో సహా, ఇంకా గట్టి చోటికి తరలించాలి. ఏది గట్టి చోటు? భానుమూర్తిగారు ఫైళ్లు తిరగేశారు. విశ్వపతిగారి నివేదిక దొరికింది. ‘కోట గోడలు శత్రు ముట్టడిని సైతము తట్టుకొను స్థితికి పునరుద్ధరించడమైనది.’ ఇంతకంటే ఏం కావాలి? కోటనే ఆయుధాగారంగా ప్రకటించారు.

ఫిరంగిని తరలించమని ఆర్డరు రాగానే త్రినాథరావు దాన్ని రెండుసార్లు చదివి, కుర్చీలోంచి లేచి, ఎస్సైని కౌగిలించుకున్నాడు. డప్పులు మోగాయి. ఈసారి అల్లుడుగారే చీర పెట్టాడు. బజారంతా బయటికొచ్చి చూస్తుండగా, ఫిరంగమ్మ దుంగల మీద ఊగుతూ పుట్టింటికి వెళ్లింది.

బురుజు మీదికి చేర్చాక మూతి ఏ దిక్కుకు పెట్టాలని పరిశీలకుణ్ని అడిగారు. ఈసారి వచ్చిన పరిశీలకుడు జాగ్రత్త గలవాడు. మ్యాపు తెప్పించి, ఓటర్లు లేని దిక్కు ఏదని ఆరా తీసి, సముద్రం వైపు పెట్టమన్నాడు. పలక మీద రాసినట్టు, ఇచ్చట శతఘ్ని కలదు. త్రినాథరావు కోటలో తన పాత స్టూలు తుడుచుకుని కూర్చున్నాడు. గాలి బాగా వస్తోంది. దూరంగా తెరచాపలు కనబడుతున్నాయి. ఉద్యోగంలో చేరిన తర్వాత అంత సంతోషం అతను ఎరగడు.

అయితే ఆర్డరు కింద ఒక వాక్యముంది. ఫలితాలు ప్రకటించిన వెంటనే ఆయుధాలన్నిటినీ యథాస్థానానికి, అనగా స్టేషన్‌కు, చేర్చవలెను.

ఓట్లు లెక్కపెట్టారు. మొగదారిపాలెం సర్పంచి పదవికి ఇద్దరికీ సమానంగా వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టారు, మళ్లీ సమానం. ఒకడు కోర్టుకెళ్లాడు, ఫలితం ప్రకటించకుండా స్టే వచ్చింది. ఊరికి సర్పంచి లేడు. వీధి దీపాలు వెలగవు, కాలువ తీసేవాడు లేడు. ఆ సంగతి పత్రికల్లో చాలా బాధగా రాస్తున్నారు.

పాలెంలో మాత్రం కేసు వాయిదా పడ్డ ప్రతిసారీ ఎల్లమ్మ బురుజెక్కి ఫిరంగమ్మకు కొబ్బరికాయ కొడుతుంది.

“మల్లీ ఎప్పటికేశారు బాబూ?” అని అడుగుతుంది, త్రినాథరావు చేతిలో చిప్ప పెడుతూ.

“దసరా సెలవులయ్యాక పిన్నీ.”

“జడ్జీగారు సల్లగుండాల,” అంటుంది ఎల్లమ్మ. ఇద్దరూ అలా నిలబడి, ఫిరంగమ్మతో పాటు, వేటకు పోయిన పడవలు తిరిగొచ్చేదాకా సముద్రం కేసి చూస్తారు.